దేశీ లాగర్ బీరు: సీసాలో ఏముంది? ధరలో ఏముంది?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఏ వైన్ షాపు ముందు నిలబడినా రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. కొనేవాళ్లు అడిగేది: ‘కూలింగ్ ఉందా?’ అమ్మేవాళ్లు అడిగేది: ‘లైటా, స్ట్రాంగా?’

మొదటి ప్రశ్న రుచికి సంబంధించింది. రెండోది కూడా అలాగే కనిపిస్తుంది. కానీ మన దేశంలో అమ్ముడయ్యే బీరులో నాలుగింట మూడు వంతులకు పైగా ‘స్ట్రాంగ్’ కావడానికి రుచి ఒక్కటే కారణం కాదు. పన్నుల పద్ధతి, ప్రభుత్వ కార్పొరేషన్లు నిర్ణయించే ధరలు, జేబులో ఉన్న డబ్బుకు ఎంత మత్తు వస్తుందన్న లెక్క... ఇవన్నీ కలిసి కొనేవాడి చెయ్యిని ఆ సీసా వైపు నడిపిస్తాయి. చౌక బీరు అంటే నాసిరకం బీరు అన్న అభిప్రాయం కూడా చాలా వరకు అక్కడి నుంచి పుట్టిందే.

చల్లగా, తాజాగా తాగితే మామూలు దేశీ లాగర్ ఏ మాత్రం తీసిపారేయాల్సిన పానీయం కాదు. అది ఎలా తయారవుతుంది, ఎక్కడి నుంచి వచ్చింది, దాని ధర ఎలా పడుతుంది, దాన్ని సరిగ్గా ఆస్వాదించడం ఎలా, ఎక్కడ ఆగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

లాగర్ అంటే ఏమిటి?

ప్రపంచంలోని బీర్లను ప్రధానంగా రెండు కుటుంబాలుగా విడదీస్తారు. ఒకటి ఏల్, రెండోది లాగర్. తేడా రంగులో లేదు, ఘాటులో లేదు. పులియబెట్టే ఈస్ట్‌లో ఉంది. ఏల్ ఈస్ట్ గది ఉష్ణోగ్రతకు దగ్గరగా, 15 నుంచి 24 డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేస్తుంది. లాగర్ ఈస్ట్‌కు చలి కావాలి. 7 నుంచి 13 డిగ్రీల మధ్య నెమ్మదిగా పులియబెట్టి, ట్యాంకు అడుగున పేరుకుంటుంది. ఆ తర్వాత బీరును సున్నా డిగ్రీలకు దగ్గరగా కొన్ని వారాలు నిల్వ ఉంచుతారు. జర్మన్ భాషలో ‘లాగర్న్’ అంటే నిల్వ చేయడమే. ఆ మాటే పేరైంది.

ఈరోజు మనం తాగే బంగారు రంగు లాగర్‌కు మూలం 1842లో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ప్లజెన్ పట్టణంలో ఉంది. బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్ అక్కడి లేతరంగు మాల్ట్‌తో, మెత్తటి నీటితో చేసిన బీరుకు ఊరి పేరు మీదుగా ‘పిల్స్‌నర్’ అన్న పేరు స్థిరపడింది. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ లాగర్ ఈస్ట్‌ను విడిగా, శుద్ధంగా పెంచే పద్ధతి కనిపెట్టాడు. అంతకు ముందు ఒక విడత బీరు బాగా వచ్చి మరో విడత పాడవడం మామూలే. ఆ అనిశ్చితి అక్కడితో చాలావరకు పోయింది. జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే తయారుచేసిన శీతల యంత్రాలు అంతకు కొద్ది ఏళ్ల ముందే బ్రూవరీలకు చేరాయి.

ఈస్ట్ కథలో ఒక విచిత్రం ఉంది. లాగర్ ఈస్ట్ రెండు జాతుల సంకరం. ఒకటి మనం రొట్టెల్లో వాడే ఈస్ట్. రెండోది ఎక్కడిదో శాస్త్రవేత్తలకు చాలాకాలం తెలియలేదు. 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో, బీచ్ జాతి చెట్ల మీద దాన్ని గుర్తించారు. ఆ తర్వాత టిబెట్‌లో కూడా అది దొరికింది.

శీతల యంత్రం లేకపోతే మన దగ్గర లాగర్ లేదు. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా ట్యాంకు లోపల 10 డిగ్రీలు నిలబెట్టగలిగితేనే సంగారెడ్డి జిల్లాలోని బ్రూవరీల్లోనైనా, శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గరైనా లాగర్ తయారవుతుంది. పైగా లేత లాగర్ చేయడం తేలికైన పనేమీ కాదు. నల్లటి బీర్లలో, హాప్స్ దట్టించిన బీర్లలో చిన్న చిన్న లోపాలు దాగిపోతాయి. లేత లాగర్‌లో దాచడానికి చోటు లేదు. నీరు బాగోలేకపోయినా, ఈస్ట్ సరిగ్గా పనిచేయకపోయినా నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. లక్షల సీసాల్లో ఒకే రుచి నిలబెట్టడం వెనుక చాలా నైపుణ్యం ఉంది.

కసౌలి నుంచి కింగ్‌ఫిషర్ దాకా

బ్రిటిష్ సైనికుల కోసం ఇంగ్లండ్ నుంచి ఓడల్లో ఏల్ తెప్పించుకునేవారు. నెలల ప్రయాణం, అధిక ఖర్చు. అందుకే ఇక్కడే తయారు చేయాలన్న ఆలోచన వచ్చింది. ఎడ్వర్డ్ డయ్యర్ హిమాలయ పాదాల్లోని కసౌలిలో బ్రూవరీ పెట్టాడు. కంపెనీ చరిత్ర ప్రకారం అది 1855. చల్లటి వాతావరణం, కొండ ఊట నీరు అందుకు కలిసొచ్చాయి. తర్వాత బీరు తయారీ సోలన్‌కు మారింది. అక్కడి ‘లయన్’ బీరు ఉత్తర భారతంలో చాలాకాలం పేరున్న సరుకు. 1949లో నరేంద్రనాథ్ మోహన్ ఆ కంపెనీని కొన్నారు. ‘ఓల్డ్ మాంక్’ రమ్ముతో ప్రసిద్ధికెక్కిన మోహన్ మీకిన్ అదే.

1860లో మర్రీ కొండల్లోని ఘోరా గలిలో మొదలైన మర్రీ బ్రూవరీ దేశ విభజనతో పాకిస్తాన్‌కు వెళ్లింది. అక్కడ 1977 నుంచి ముస్లింలకు మద్యం నిషేధం. అయినా రావల్పిండి కేంద్రంగా ఆ కంపెనీ నేటికీ బీరు తయారు చేస్తోంది. ముస్లిమేతరులు పర్మిట్ మీద కొనుక్కుంటారు. శ్రీలంకలోనూ ఇదే వరుస. నువారా ఎలియా కొండల్లో తెల్లవారు మొదలుపెట్టిన బ్రూవరీ నుంచి వచ్చినదే ఇప్పటి లయన్ లాగర్. ఉపఖండంలో బీరు మొదట కొండెక్కి, యంత్రాలు వచ్చాకే మైదానాలకు దిగింది.

దక్షిణాదిలో కథ వేరుగా నడిచింది. 1857 నాటి కాజిల్ బ్రూవరీతో సహా ఐదు చిన్న బ్రూవరీలను కలిపి థామస్ లీష్‌మన్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు 1915లో యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించాడు. పెద్ద పెద్ద పీపాల్లో, ఎడ్లబండ్ల మీద సైనిక పటాలాలకు బీరు చేరేది. 1947లో విఠల్ మాల్యా ఆ కంపెనీ డైరెక్టర్ అయ్యారు. మరుసటి ఏడాది తొలి భారతీయ ఛైర్మన్ అయ్యారు. మనకు తెలిసిన రూపంలో కింగ్‌ఫిషర్ 1978లో మార్కెట్లోకి వచ్చింది. ఇక కూలీలు, లారీ డ్రైవర్ల నోట నానిన హేవర్డ్స్ 5000, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల్లో గట్టి పట్టున్న నాకౌట్ వేర్వేరు కంపెనీల చేతులు మారుతూ చివరికి ఒకే బహుళజాతి సంస్థ కిందికి చేరాయి.

ఇప్పుడు ‘దేశీ బీరు’ అన్న మాటకు అర్థం కొంచెం తిరగబడింది. 2021 నుంచి యునైటెడ్ బ్రూవరీస్ నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్ నియంత్రణలో ఉంది. హేవర్డ్స్, నాకౌట్ బెల్జియం కేంద్రంగా ఉన్న ఏబీ ఇన్‌బెవ్‌వి. టుబోర్గ్ డెన్మార్క్‌కు చెందిన కార్ల్స్‌బర్గ్‌ది. దేశంలో అమ్ముడయ్యే బీరులో అత్యధిక భాగం ఈ ముగ్గురిదే. మరోవైపు విదేశీ పేరున్న బడ్‌వైజర్, టుబోర్గ్ కూడా ఇక్కడి నీటితో, ఇక్కడి బ్రూవరీల్లోనే తయారవుతున్నాయి. పేరు ఏదైనా వైన్ షాపులో సాధారణంగా దొరికే సీసా మన దేశంలో చేసిందే. సిక్కింలో సినీ నటుడు డానీ డెంజోంగ్పా స్థాపించిన యుక్సోమ్ బ్రూవరీస్, జమ్మూకు చెందిన దేవాన్స్ వంటివి స్వదేశీ యాజమాన్యంలో నిలబడ్డ కొద్దిపాటి ఉదాహరణలు.

సీసాలో ఏముంది?

బీరులో తొంభై శాతానికి పైగా నీరే. మిగిలింది బార్లీ మాల్ట్, బియ్యం లేదా మొక్కజొన్న, హాప్స్, ఈస్ట్ చేసే పని.

మన బార్లీ రబీ పంట. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానా, పంజాబ్, మధ్యప్రదేశ్‌లలో పండుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో కోతకొస్తుంది. మనవాళ్లు ఎక్కువగా పండించేది కంకికి ఆరు వరసల గింజలుండే రకం. యూరప్‌లో వాడే రెండు వరసల రకంతో పోలిస్తే ఇందులో మాంసకృత్తులు సాధారణంగా ఎక్కువ, పిండి పదార్థం తక్కువ. ఉత్త బార్లీతోనే చేస్తే బీరు చిక్కగా, మసకగా వచ్చే వీలుంది. అందుకని అటుకుల్లా వత్తిన బియ్యాన్నో, మొక్కజొన్ననో కలుపుతారు. దీన్ని కల్తీ అనుకునేవాళ్లున్నారు. అమెరికాలో బడ్‌వైజర్ తన సీసా మీదే బియ్యం వాడతామని రాసుకుంటుంది. బియ్యం బీరును తేలికగా, పొడిగా, గొంతులో చల్లగా జారేలా చేస్తుంది. వేసవి దేశంలో అది లోపమేమీ కాదు.

స్ట్రాంగ్ బీరు సంగతి కాస్త వేరు. ఆల్కహాల్ పెంచాలంటే ఈస్ట్‌కు ఎక్కువ చక్కెర అందించాలి. అదంతా మాల్ట్ నుంచే ఇవ్వాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని మామూలు చక్కెరనో, సిరప్‌నో కలపడం సర్వసాధారణం. ఆల్కహాల్ పెరుగుతుంది కానీ దానికి తగ్గ మాల్ట్ రుచి పెరగదు. స్ట్రాంగ్ బీరులో కొందరికి తగిలే తియ్యదనం, గొంతులో వేడి, కొద్దిపాటి స్పిరిట్ వాసన ఇక్కడి నుంచే వస్తాయి.

హాప్స్ అంటే ఒక తీగకు కాసే పువ్వులు. చేదు, సువాసన ఇస్తాయి, బీరు చెడిపోకుండా కాస్తాయి. హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్‌లో దశాబ్దాల క్రితం వీటి సాగు మొదలైనా బ్రూవరీలు ఎక్కువగా దిగుమతుల మీదే ఆధారపడతాయి. దేశీ లాగర్లలో చేదు తక్కువగానే ఉంటుంది.

మూడు అపోహలు

ఒకటి, గ్లిజరిన్. విదేశాల్లోని మనవాళ్లకు కూడా పరిచితమైన తతంగం ఇది: సీసా మూత తీసి, వేలు అడ్డుపెట్టి, నీళ్ల గ్లాసులో బోర్లిస్తే నూనెలాంటి ద్రవం కిందికి దిగుతుంది. ‘గ్లిజరిన్ పోయింది, ఇక తలనొప్పి రాదు’ అంటారు. అక్కడ జరిగేది సాంద్రత ఆట. ఈస్ట్ తినగా మిగిలిన చక్కెరల వల్ల బీరు నీటికంటే కొంచెం బరువు. సీసాలోని బీరు కిందికి దిగుతుంటే నీరు పైకి పోతుంది. రెండు వేర్వేరు సాంద్రతల ద్రవాలు కలిసేచోట వెలుగు వంగి, నూనె తీగల్లా కనిపిస్తుంది. గ్లాసులోకి వచ్చింది బీరే. సీసాలోకి పోయింది మంచినీళ్లు. గ్లిజరాల్ ఈస్ట్ సహజంగానే తయారు చేసే పదార్థం. లీటరుకు ఒకటి రెండు గ్రాములు ఏ బీరులోనైనా, ఏ దేశంలోనైనా ఉంటుంది. మరునాటి తలనొప్పికి కారణం వెతకాలంటే ముందుగా తాగిన ఆల్కహాల్ లెక్క చూసుకోవాలి.

రెండు, ‘బీరు చలువ చేస్తుంది’. చల్లటి సీసా నోటికి హాయిగానే ఉంటుంది. కానీ శరీరంలో నీటిని నిలిపి ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచివేస్తుంది. అందుకే మూత్రం ఎక్కువ పోతుంది. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి దాహం తీర్చేది ముందు మంచినీళ్లు, మజ్జిగ. బీరు ఆ తర్వాతి మాట.

మూడు, కిడ్నీలో రాళ్లు. ‘రెండు బీర్లు తాగు, రాయి కరిగి పోతుంది’ అన్న సలహా మన ఊళ్లలో వైద్యుడి కంటే ముందే అందుతుంది. మూత్రం ఎక్కువ రావడం నిజమే కానీ ఉన్న రాయిని బీరు కరిగించదు. పైగా బీరు రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. కొన్ని రకాల రాళ్లకు అదే ముడిసరుకు. ఈ పని నీళ్లు ఖర్చు లేకుండా చేస్తాయి.

లైటా, స్ట్రాంగా: గ్రాముల్లో లెక్క

దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం ఆల్కహాల్ 5 శాతం వరకు ఉంటే అది మామూలు బీరు, అంటే మన వాడుకలో లైట్. 5 దాటి 8 శాతం వరకు ఉంటే స్ట్రాంగ్. పెద్ద సీసా రెండింటికీ ఒకటే, 650 మిల్లీలీటర్లు. పన్నెండు సీసాలు ఒక కేసు.

5 నుంచి 8 అంటే మూడు అంకెల తేడాయే కదా అనిపిస్తుంది. గ్రాముల్లోకి మార్చి చూస్తే విషయం వేరుగా ఉంటుంది. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల లైట్ సీసాలో సుమారు 26 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ సీసాలో సుమారు 41 గ్రాములు. మన దేశంలో విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా ఉండే 42.8 శాతం ప్రకారం 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో సుమారు 20 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులతో సమానం. రెండు స్ట్రాంగ్ సీసాలు ఒక క్వార్టరును దాటిపోతాయి. ‘నేను మందు తాగను, బీరే’ అనేవాళ్లు ఒక్కసారి ఈ లెక్క చూసుకోవాలి.

మరి స్ట్రాంగ్ వైపు ఎందుకంత మొగ్గు? ఉదాహరణకు ఒక ఊళ్లో లైట్ సీసా 160 రూపాయలు, స్ట్రాంగ్ 170 రూపాయలు, చౌక క్వార్టర్ 99 రూపాయలు అనుకుందాం. గ్రాము ఆల్కహాల్‌కు లైట్‌లో ఆరు రూపాయలకు పైగా పడుతుంది. స్ట్రాంగ్‌లో నాలుగు రూపాయలు. క్వార్టర్‌లో రూపాయిన్నర చిల్లర. రోజంతా కష్టపడి రెండు మూడు వందలు మాత్రమే చేతిలో మిగిలిన మనిషి ఈ భాగహారం కాగితం మీద చేయడు, కానీ అతని చెయ్యికి జవాబు తెలుసు. అంతగా ఘాటు లేని పానీయాన్ని ఎంచుకున్నవాడే ఇక్కడ ఎక్కువ చెల్లిస్తున్నాడు.

ధర ఎవరు నిర్ణయిస్తారు?

రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. మత్తు పానీయాల తయారీ, అమ్మకం, వాటి మీద ఎక్సైజ్ సుంకం రాష్ట్రాలవే. జీఎస్టీ వచ్చినా మనుషులు తాగే మద్యాన్ని దాని పరిధిలో చేర్చలేదు. కాబట్టి ఒకే కంపెనీ, ఒకే రకం బీరు రాష్ట్ర సరిహద్దు దాటితే ధర మారిపోతుంది. ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ యానాం. కాకినాడ పక్కనే ఉన్నా పుదుచ్చేరి పాలనలో ఉండటంతో అక్కడి మద్యం చాలాకాలంగా చౌక. ఇవతలి ఊళ్లవాళ్లు అక్కడికి వెళ్లడం, తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దులో పోలీసులు సంచులు వెతకడం ఆ ప్రాంతంలో పాత కథే.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ బ్రూవరీ నేరుగా షాపుకు అమ్మదు. ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ కొని, డిపోల ద్వారా షాపులకు ఇస్తుంది. కంపెనీకి ఇచ్చే మూల ధర కార్పొరేషనే ఖరారు చేస్తుంది. దాని మీద సుంకాలు, వ్యాట్, షాపు మార్జిన్ చేరి సీసా మీద కనిపించే ధర అవుతుంది. మనం ఇచ్చే డబ్బులో సగానికి పైగా వివిధ రూపాల్లో ప్రభుత్వానికే పోతుంది. మిగిలిన దాంట్లోనే బార్లీ, సీసా, కరెంటు, రవాణా, కంపెనీ లాభం అన్నీ సర్దుకోవాలి.

ఈ ఏర్పాటు ఎంత పెళుసో 2025 జనవరిలో తెలిసింది. 2019-20 నుంచి మూల ధర పెంచలేదని, బకాయిలు పేరుకుపోయాయని చెబుతూ యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణ కార్పొరేషన్‌కు సరఫరా ఆపేస్తున్నట్టు జనవరి 8న ప్రకటించింది. దేశంలో బీరు అత్యధికంగా తాగే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. కింగ్‌ఫిషర్ దొరకదేమోనన్న వార్త ఆ వారం రాజకీయ వార్తలతో పోటీ పడింది. జనవరి 20న సరఫరా తిరిగి మొదలైంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంపునకు అనుమతినిచ్చింది. చివరికి ఆ భారం మోసింది సీసా కొన్నవాళ్లే.

ఆంధ్రప్రదేశ్‌లో మరో రకం అనుభవం. 2019 అక్టోబరు నుంచి రిటైల్ షాపులను ప్రభుత్వమే నడిపింది. దశలవారీగా మద్య నిషేధమే తన లక్ష్యమని అప్పటి ప్రభుత్వం చెప్పింది. అదే కాలంలో జనానికి అలవాటైన చాలా బ్రాండ్లు షెల్ఫుల మీద కనిపించకుండా పోయి, అంతకు ముందు ఎవరూ వినని పేర్లు వచ్చాయి. ‘బూమ్ బూమ్’ బీరు మీద వచ్చిన జోకులకు లెక్కలేదు. నవ్వు పక్కన పెడితే, కొనేవాడికి ఎంపిక లేకపోతే నాణ్యత కోసం పోటీ పడాల్సిన అవసరం అమ్మేవాడికి ఉండదన్న పాఠం అందులో ఉంది. ప్రభుత్వం మారాక 2024 అక్టోబరు 16 నుంచి 3,396 ప్రైవేటు షాపులతో కొత్త విధానం వచ్చింది. దానితో పాటే 99 రూపాయల క్వార్టర్ కూడా వచ్చింది. గ్రాముల లెక్క మరోసారి గుర్తు చేసుకుంటే, చౌకగా మారింది ఏ పానీయమో అర్థమవుతుంది.

తప్పంతా ప్రభుత్వాలదే అనడానికీ లేదు. 2021 సెప్టెంబరులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, 2009 నుంచి 2018 వరకు పెద్ద బీరు కంపెనీలు తమలో తాము మాట్లాడుకుని, ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల్లో ధరలను కలిసికట్టుగా ప్రతిపాదించాయి. యునైటెడ్ బ్రూవరీస్‌కు సుమారు 752 కోట్లు, కార్ల్స్‌బర్గ్‌కు సుమారు 121 కోట్ల రూపాయల జరిమానా పడింది. విషయాన్ని ముందుగా బయటపెట్టిన ఏబీ ఇన్‌బెవ్‌కు జరిమానా నుంచి పూర్తి మినహాయింపు దక్కింది. 2022 డిసెంబరులో కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ కూడా ఆ ఉత్తర్వును సమర్థించింది. ఆ పదేళ్లలో సీసా కొన్నవాళ్లకు మాత్రం ఎవరూ ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు.

దీనికి మార్గం లేదా? ఉంది. సీసా లెక్కన కాకుండా అందులోని ఆల్కహాల్ లెక్కన పన్ను వేయడం. బ్రిటన్ 2023 ఆగస్టు నుంచి తన మద్యం పన్నులన్నింటినీ ఈ సూత్రం మీదికి తెచ్చింది. తక్కువ ఘాటున్న పానీయానికి తక్కువ పన్ను, ఎక్కువ ఘాటుకు ఎక్కువ. మన దగ్గర ఈ పద్ధతి వస్తే లైట్ సీసా ధర తగ్గాలి, స్ట్రాంగ్ సీసా, క్వార్టర్ ధరలు పెరగాలి. కానీ ఖజానాకు ప్రధాన ఆదాయం క్వార్టర్ల నుంచే వస్తున్నప్పుడు ఆ మార్పు చేయడానికి రాజకీయ ధైర్యం కావాలి.

ఉన్న సీసానే బాగా తాగడం ఎలా?

తాజాదనం మొదటిది. వైన్‌లా బీరు పాతబడితే బాగుపడదు. లేబుల్ మీదో, మూత మీదో తయారీ తేదీ ఉంటుంది. సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు కానీ రెండు నెలల లోపుదైతే రుచి స్పష్టంగా తెలుస్తుంది. పాత బీరు తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. జనం ఎక్కువగా కొనే బ్రాండే తాజాగా దొరుకుతుంది. ఖరీదైన దిగుమతి సీసా నెలల తరబడి ఓడలో, గోదాములో, షెల్ఫు మీద ఎదురుచూసి ఉండొచ్చు. చౌక దేశీ సీసాకు ఉన్న పెద్ద బలం ఇదే.

రెండోది వెలుతురు. సూర్యకాంతి హాప్స్‌లోని చేదు పదార్థాలను విడగొట్టి గంధకం వాసన పుట్టిస్తుంది. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు అడ్డుకుంటుంది. ఆకుపచ్చ సీసా అంతగా అడ్డుకోలేదు. షాపు ముందు ఎండలో పేర్చిన కేసులోంచి తీసిచ్చే సీసాకంటే లోపలిది అడిగి తీసుకోవడం మేలు. సీసా మీద తెల్లగా అరిగిన గీతలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పాత సామాన్లు కొనేవాళ్ల చేతుల మీదుగా ఖాళీ సీసాలు మళ్లీ బ్రూవరీకి చేరి, వేడి కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ నింపుతారు. ఆ గీతలు అది చేసిన ప్రయాణాల గుర్తులు. ధర అదుపులో ఉండటానికి ఈ తిరుగుడు కూడా ఒక కారణం.

మూడోది చలి. లైట్ లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు సరిపోతుంది. అంతకంటే చల్లబరిస్తే నాలుక మొద్దుబారి ఏ బీరైనా ఒకేలా ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లో మరిచిపోతే సీసా పగులుతుంది. ఐస్ ముక్కలు వేస్తే నీళ్లవుతుంది. కొన్ని షాపుల్లో ‘కూలింగ్’ పేరుతో అచ్చు ధర మీద ఐదో పదో అదనంగా తీసుకుంటారు. అలా తీసుకునే హక్కు వాళ్లకు లేదు.

నాలుగోది గ్లాసు. బీరు సీసాతో ఎత్తి తాగడం కంటే శుభ్రమైన గ్లాసులో వంచి పోసి, చివర్లో రెండు వేళ్ల నురగ వచ్చేలా నిలబెట్టి పోస్తే కొంత గ్యాస్ బయటే పోతుంది, కడుపు ఉబ్బరించదు. వాసన కూడా అప్పుడే ముక్కుకు అందుతుంది. గ్లాసుకు నూనె, సబ్బు అంటుకుని ఉంటే నురగ నిలవదు.

ఇక పక్కన ఏముండాలి? మిర్చి బజ్జీ, ఉడికించిన పల్లీలు, తాలింపు వేసిన గుడాలు, చేపల వేపుడు, పప్పు చెక్కలు. లేత లాగర్‌లోని గ్యాస్, కొద్దిపాటి చేదు నూనె జిడ్డును నాలుక మీద నుంచి కడిగేస్తాయి. ఈ విషయంలో మన చిరుతిళ్లకు లైట్ లాగర్ అంతగా కుదిరే పానీయం మరొకటి లేదు. స్ట్రాంగ్‌తో మాత్రం కారం జత కుదరదు. నోట్లో కారాన్ని గుర్తించే నాడులనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. ఘాటు పెరిగేకొద్దీ మంట పెరుగుతుంది.

ఎక్కడ ఆగాలి?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి కనీస వయసు 21. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి బండి నడపడం నేరం. తొలిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. 60 కిలోల బరువున్న మగవాడు లైట్ సీసా ఒకటి త్వరగా తాగితే రక్తంలో ఆల్కహాల్ 60 మిల్లీగ్రాముల దాకా, స్ట్రాంగ్ తాగితే 100 దాకా పోవచ్చు. ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గించగలదు. అంటే ‘ఒక్క బీరే కదా’ అని పర్మిట్ రూమ్ నుంచి బయటికొచ్చి బండి తాళం తిప్పినవాడు అప్పటికే చట్టం గీత దాటేసి ఉంటాడు. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం... ఏదీ ఆ వేగాన్ని పెంచదు.

ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఆల్కహాల్ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో ఉంది. ఆ ఆల్కహాల్ బీరులోదా, బ్రాందీలోదా అన్న తేడా కాలేయానికి తెలియదు. తాగనివాళ్లు మొదలుపెట్టడానికి ఏ కారణమూ లేదు.

తెలుగు నేలకు ఈ మాట కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం ప్రభుత్వాల విధానాలనే మార్చింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్లకే నిషేధం సడలింది. ఆ ఆడవాళ్ల ప్రశ్న మాత్రం ఇంకా నిలిచే ఉంది: ఇంట్లోకి రావాల్సిన కూలి డబ్బులో ఎంత భాగం షాపు దగ్గరే ఆగిపోతోంది? నెలకు రెండుసార్లు స్నేహితులతో ఒక చల్లటి లైట్ సీసా పంచుకునే మనిషికీ, రోజూ రెండు స్ట్రాంగ్ సీసాలు లేనిదే నిద్రపట్టని మనిషికీ షాపులో ఇచ్చే బిల్లు మీద తేడా కనిపించదు. ఇంటి దగ్గర కనిపిస్తుంది.

తాగేవాళ్లకు చివరగా చెప్పేది చిన్న విషయమే. ఈసారి సీసా చేతికి అందినప్పుడు బ్రాండ్ పేరు కంటే ముందు రెండు చూడండి: తయారీ తేదీ, ఆల్కహాల్ శాతం. తేదీ దగ్గరిదై, శాతం ఐదు లోపుంటే, చల్లగా ఉంటే, తోడుగా నాలుగు పల్లీలుంటే, ఇంటికి వెళ్లడానికి ఆటో ఉంటే... ఆ సాయంత్రానికి అంతకంటే ఖరీదైన బీరు అవసరం లేదు.